గీరి చూస్తే ఏమీ దొరకలేదు, అయినా గజ్జేనా?

ప్రశ్న: మా కుక్క రాత్రింబగళ్లు గోక్కుంటోంది. చెవి అంచుల్లో, మోచేతుల మీద వెంట్రుకలు రాలి పెచ్చులు కట్టాయి. డాక్టరు చర్మం గీరి చూసి పురుగులు కనిపించలేదన్నారు. ఈలోగా నా పొట్ట మీదా చేతుల మీదా దద్దుర్లు లేచాయి. గజ్జి కాదని ధైర్యంగా ఉండొచ్చా?

జవాబు: ఉండొద్దు. ఆ దురద, ఆ చోట్లు, మీ ఒంటి మీద దద్దుర్లు మూడూ కలిపి చూస్తే గజ్జి తెచ్చే సార్కోప్టిస్ పురుగునే ముందు అనుమానించాలి. ఇది చర్మం పైపొరలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. చాలాసార్లు ఒంటి మీద ఉండేవి కొన్నే. అవి ఒంటికి పడక వచ్చే ఎలర్జీ వల్లే అంత దురద. అందుకే నాలుగైదు చోట్ల గీరినా తరచుగా ఏమీ దొరకదు. ఒక్క పురుగు గానీ గుడ్డు గానీ దొరికితే గజ్జి ఖాయం; దొరకకపోతే ఏమీ తేలనట్టే. గోకి గోకి పుండు చేసుకున్న చోట కాకుండా, ఇంకా పెచ్చు మిగిలిన చెవి అంచునో మోచేతినో వెడల్పుగా గీరమనండి.

చెవి అంచుని మడిచి వేళ్లతో రుద్ది చూడండి. వెనక కాలు గోకుతున్నట్టు ఆడిస్తే అనుమానం బలపడుతుంది.

ఇలాంటప్పుడు రుజువు కోసం ఆగకుండా మందు వేసి చూడటమే సరైన పద్ధతి. అఫోక్సొలానర్, సారోలానర్ మాత్రలు నెలకోసారి. ఫ్లురలానర్ అయితే 12 వారాలకోసారి. మోతాదు బరువును బట్టి. మూర్ఛ వచ్చే కుక్కయితే ముందే చెప్పండి. కోలీ, షెట్లాండ్ షీప్‌డాగ్ లాంటి జాతుల్లో చాలా కుక్కలకు ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు పెద్ద మోతాదులో మెదడుకెక్కుతుంది, అది సొంతంగా వేయొద్దు. ఇంట్లో ఎన్ని కుక్కలుంటే అన్నిటికీ ఒకేసారి మందు పడాలి, దురద లేనిదానికి కూడా. గుడ్డు పెద్ద పురుగు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, పైగా పురుగు చచ్చాక కూడా దురద కొన్నాళ్లు ఉంటుంది. వారానికే మందు పనిచేయలేదని తేల్చేయకండి. పడక గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి. కుక్కల్లో ఉండే ఈ రకం మనుషుల మీద ఎక్కువకాలం నిలవదు. కుక్క బాగుపడ్డాక కూడా మీ దద్దుర్లు తగ్గకపోతే చర్మవైద్యుడికి చూపించండి.

ప్రశ్న: ఐదు నెలల కుక్కపిల్లకు కంటి పక్కన గోరంత మేర జుట్టు ఊడింది. దురద లేదు. పక్క కుక్కలకు అంటుతుందా?

జవాబు: అది డెమొడెక్స్ అయితే అంటదు. పుట్టిన తొలిరోజుల్లో తల్లి నుంచే వచ్చి వెంట్రుక కుదుళ్లలో ఉండే పురుగది. చర్మాన్ని నొక్కి పట్టి, రక్తం చెమ్మ కనిపించేదాకా లోతుగా గీరితే సులువుగానే దొరుకుతుంది. ఇలా ఒకటి రెండు మచ్చలే అయితే చాలావరకు వాటంతటవే మానిపోతాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం వేయించొద్దు, దానివల్ల మచ్చ ఒళ్లంతా పాకొచ్చు. పెద్ద వయసులో మొదటిసారి వస్తే థైరాయిడ్ లోపం, కుషింగ్స్ (ఒంట్లో స్టెరాయిడ్ హార్మోను ఎక్కువయ్యే జబ్బు), కణితి లాంటివి వెతకాలి.

ప్రశ్న: డెమొడెక్స్‌కి అమిట్రాజ్ (నీళ్లలో కలిపి ఒంటి మీద పోసే పురుగుల మందు) పోశాం. జుట్టు వచ్చింది, ఆపేశాం, మళ్లీ మొదలైంది. మందు తప్పా?

జవాబు: ఆపడం తప్పు. పురుగు పూర్తిగా పోకముందే జుట్టు వచ్చేస్తుంది. నెలకోసారి అవే చోట్ల గీరించి, వరసగా రెండుసార్లు ఏమీ లేదని వచ్చాక ఇంకో నెల కొనసాగించాలి.

12.5 శాతం మందయితే లీటరు నీళ్లకు 2 మి.లీ., రెండు వారాలకోసారి. జుట్టు కత్తిరించి, బెంజాయిల్ పెరాక్సైడ్ షాంపూతో పది నిమిషాలు నానబెట్టి కడిగి తుడిచాక మందు పోయాలి. పోశాక కడగొద్దు, తుడవొద్దు, ఆరేదాకా నాకనివ్వొద్దు. నీళ్లలో కలిపాక మిగిలిన మందుని దాచొద్దు. మత్తుగా పడి ఉండటం, గుండె నెమ్మదించడం కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఈ మందు రక్తంలో చక్కెర పెంచుతుంది కాబట్టి మధుమేహం ఉన్న కుక్కకు పోయొద్దు. మధుమేహం ఉన్న మనిషి చేత కూడా పోయించొద్దు. పోసేవారు గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడే చోట పోయాలి.