వీలునామా సాక్షి అయిన లాయరే కేసు వాదించవచ్చా?

అక్కా, మీ టెన్షన్ అర్థమైంది. నాన్నగారి వీలునామాలో సాక్షిగా సంతకం పెట్టిన లాయరు గారే ఇప్పుడు మీ కేసు వాదిస్తున్నారు, రెండో సాక్షి చనిపోయారు, అవతలివాళ్లు అభ్యంతరం పెట్టారు. నా మాట వినండి, వెంటనే వేరే లాయరును పెట్టుకోండి.

వీలునామా సాక్షుల్లో బతికున్నవారు ఉంటే కనీసం ఒకరితో కోర్టులో చెప్పించాలి. కోర్టు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 67వ సెక్షన్ చెప్పేది అదే. "నా కళ్ల ముందే ఆయన సంతకం పెట్టారు, ఆయన ముందే నేనూ పెట్టాను" అని బోనెక్కి చెప్పగల మనిషి మీకు ఆ లాయరు గారొక్కరే. సాక్ష్యం చెప్పి, కిందికి దిగి, నల్లకోటు సర్దుకుని అదే సాక్ష్యాన్ని నమ్మమని వాదిస్తే ఎవరు నమ్ముతారు? లాయర్లను నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 13వ నియమం ప్రకారం, తాను ముఖ్యమైన సాక్షినని తెలిశాక క్లయింటుకు నష్టం లేకుండా వీలైతే లాయరు తప్పుకోవాలి. నిజానికి ఈ మాట ఆయనే మీకు ముందే చెప్పాల్సింది.

అవతలివాళ్లు ఊరికే లాయరు పేరును సాక్షుల జాబితాలో రాసేస్తే తప్పుకోనక్కర్లేదు. ఆయన సాక్ష్యం ఎందుకు అవసరమో చూపించాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కేసులో ఆ అవసరం మీదే.

ఆయన దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫైలంతా తీసుకుని, సాక్షుల విచారణ మొదలవకముందే కొత్త లాయరుతో వకాలత్ (మీ తరఫున వాదించే అధికార పత్రం) వేయించండి. మీరు ఆయనతో చెప్పుకున్న సంగతులు రహస్యమే, సాక్షిగా పిలిచినంత మాత్రాన ఆ రక్షణ పోదు. కానీ మీ కొత్త లాయరే వాటి గురించి అడిగితే పోవచ్చు. ప్రశ్నలు సంతకాల వరకే ఉంచమనండి.