తొలి వారాల్లో మందులతో గర్భస్రావం: విశాఖ నుంచి బ్రిటన్‌కు వచ్చినవారి సందేహానికి సమాధానం

డిపెండెంట్ వీసా మీద గాజువాక నుంచి వచ్చిన కొత్త కోడలైనా, మాస్టర్స్ చదవడానికి ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన విద్యార్థిని అయినా, తొలి వారాల్లోనే మందులతో గర్భం తీయించుకోవడం ఇక్కడ ఎలా అని అడిగేటప్పుడు ముందుగా అనే మాట ఒకటే: "అక్కా, ఇది ఎవరికీ తెలియకూడదు." అందుకే మొదట ఆ భయం గురించే చెబుతాను. ఇంగ్లాండులో గర్భస్రావానికి భర్త సంతకం గానీ అత్తింటివారి అనుమతి గానీ అవసరం లేదు, ఆ సేవలు అందించే క్లినిక్ మీ వివరాలను గోప్యంగా ఉంచుతుంది. వీసాతోపాటు హెల్త్ సర్‌ఛార్జ్ చెల్లించినవారికి ఎన్‌హెచ్‌ఎస్ అనే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ద్వారా ఇది ఉచితమే. అయితే విజిటర్ వీసా మీద ఉన్నవారు ఖర్చు విషయం ముందే అడిగి తెలుసుకోవాలి.

జీపీ (మీ ప్రాంతపు ఫ్యామిలీ డాక్టర్) అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూ రోజులు పోగొట్టుకోవద్దు. బీపీఏఎస్, ఎంఎస్‌ఐ వంటి గర్భస్రావ సేవల సంస్థలకు మీరే నేరుగా ఫోన్ చేయవచ్చు, తెలుగు దుభాషి కావాలనీ అడగవచ్చు. 1967 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం ఇద్దరు డాక్టర్లు సంతకం చేయాలి, ఆ ఏర్పాటు క్లినిక్ వాళ్లే చూసుకుంటారు. పది వారాల లోపు గర్భమైతే ఫోన్‌లో మాట్లాడిన తరువాత మందులను ఇంటికే పంపి, ఇంట్లోనే వేసుకోనిచ్చే పద్ధతి ఇంగ్లాండు, వేల్స్‌లలో 2022 ఆగస్టు నుంచి శాశ్వతమైంది. వారాలను చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తారు కాబట్టి ఆ తేదీ గుర్తు తెచ్చుకుని ఫోన్ చేయండి. తేదీ సరిగా తెలియకపోయినా, ఒక పక్క నొప్పి ఉన్నా ముందు స్కాన్‌కు పిలుస్తారు. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలిస్తే ఈ మందులు పనిచేయవు, పైగా అది ప్రాణానికే ప్రమాదం. రక్తహీనత, ఆస్తమా ఉన్నా, రోజూ స్టెరాయిడ్లు వాడుతున్నా, లోపల కాపర్‌-టి ఉన్నా అడగకముందే చెప్పండి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత సాధారణమో మీకు తెలుసు, దాన్ని చిన్న విషయమని దాటవేయకండి.

విశాఖలో మందుల షాపులో కిట్ కొని ఎవరి సూట్‌కేసులోనో పంపించమని అమ్మను అడిగేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎన్ని వారాలో, గర్భం ఎక్కడ నిలిచిందో చూసేవారు లేకుండా ఆ మాత్రలు వేసుకోవడం ప్రమాదకరం. బొప్పాయి, నువ్వులు తిని చూద్దామనుకుంటే విలువైన వారాలు వృథా అవుతాయి తప్ప ఫలితం ఉండదు.

మొదటి మాత్ర మిఫెప్రిస్టోన్, 200 మిల్లీగ్రాములు. గర్భం నిలవడానికి అవసరమైన ప్రొజెస్టిరాన్ హార్మోన్ పనిచేయకుండా ఇది అడ్డుకుంటుంది. దీనివల్ల కొందరికి వికారం, కొద్దిపాటి రక్తస్రావం ఉంటాయి, చాలామందికి ఏమీ తెలియదు. సాధారణంగా 24 నుంచి 48 గంటల తరువాత మిసోప్రోస్టాల్ మాత్రలను చెంపకూ చిగురుకూ మధ్య గానీ యోనిలో గానీ పెట్టుకోవాలి. అసలు నొప్పి మొదలయ్యేది ఆ తరువాతే. కొన్ని గంటల్లోనే పొత్తికడుపు మెలిపెట్టినట్టవుతుంది, నెలసరి కంటే ఎక్కువ రక్తం పోతుంది, గడ్డలూ పడతాయి. వణుకు, కొద్దిగా జ్వరం, విరేచనాలు కూడా రావచ్చు. ఇవన్నీ మందు పనిచేస్తున్న లక్షణాలే అయినా, ఎవరూ ముందుగా చెప్పకపోతే ఒంటరిగా ఉన్న అమ్మాయి ప్రాణం పోతోందనుకుంటుంది. ఆ రోజు సెలవు పెట్టుకుని, పెద్ద ప్యాడ్లు, వేడినీళ్ల సంచి, మీకు పడుతుందంటే ఐబుప్రోఫెన్ దగ్గర ఉంచుకుని, నమ్మకమైన మనిషిని తోడుండమనండి. విశాఖలో ఉన్న అమ్మతో మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూపు కాబట్టి యాంటీ‌-డి ఇంజెక్షన్ (తరువాతి కాన్పులో బిడ్డకు ఇబ్బంది రాకుండా ఇచ్చేది) తప్పనిసరని ఆమె ఆందోళన పడితే, పది వారాల లోపు మందులతో చేసే గర్భస్రావానికి ఇక్కడి మార్గదర్శకాల ప్రకారం అది అక్కరలేదని చెప్పండి.

వరుసగా రెండు గంటలపాటు గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున తడిసిపోయినా, మాత్రలకు తగ్గని నొప్పి ఉన్నా, జ్వరం మరునాటికీ తగ్గకపోయినా, దుర్వాసనతో స్రావం అవుతున్నా క్లినిక్ వాళ్లు ఇచ్చిన 24 గంటల నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. స్పృహ తప్పేలా ఉంటేనో, భుజం కొసన నొప్పి వస్తేనో అత్యవసర నంబరు 999కి చేయండి. రెండవ మందు తరువాత 24 గంటలు గడిచినా రక్తస్రావం కాకపోతే అది కూడా వారికి తెలియజేయాల్సిన విషయమే.

రక్తస్రావం క్రమంగా తగ్గుతూ రెండు వారాల వరకూ ఉండవచ్చు. వారం తిరక్కుండానే ఇంట్లో గర్భ పరీక్ష చేసుకుని పాజిటివ్ వచ్చిందని హడలిపోకండి, గర్భధారణ హార్మోన్ శరీరంలోంచి పోవడానికి సమయం పడుతుంది. క్లినిక్ వాళ్లు చెప్పిన రోజున, మామూలుగా మూడు వారాలకు, వాళ్లిచ్చిన పరీక్షే చేయండి. ఇకముందు పిల్లలు పుట్టరేమోనన్న దిగులు అక్కరలేదు. ఎలాంటి సమస్యా లేకుండా ముగిసిన గర్భస్రావం తరువాతి కాన్పులకు అడ్డు కాదు. నిజానికి రెండు వారాలలోపే మళ్లీ అండం విడుదల కావచ్చు కనుక, గర్భనిరోధకం ఏది వాడాలో ఆ మొదటి ఫోన్‌లోనే అడిగి తెలుసుకోండి.