కర్జన్ ఇంటికి మనమెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులోని డెర్బీలో ఉద్యోగం చేస్తోంది. మే నెలలో మమ్మల్ని రమ్మంది. దగ్గర్లో కెడిల్‌స్టన్ హాల్ అనే పాత భవనం, తోట ఉన్నాయట, చూపిస్తానంటోంది. "బెంగాల్‌ను చీల్చిన వైస్రాయ్ కర్జన్ ఇల్లు మనకెందుకు?" అంటున్నారు మా వారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు కూడా. వెళ్లమంటారా?
- ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: వెళ్లండమ్మా. నాదీ బరంపురమే. రెండేళ్ల క్రితం మా అబ్బాయి తీసుకెళ్తే చూసొచ్చాను.

మీ వారి కోపం న్యాయమైనదే, కర్జన్ పుట్టిన ఇల్లే అది. అయితే దాన్ని కట్టించింది ఆయన పూర్వీకుడు నథానియల్ కర్జన్. పని 1759లో మొదలైంది. హౌరా రైలెక్కి కలకత్తా వెళ్లినప్పుడు గవర్నరు బంగళాను గేటు బయట నుంచైనా చూసే ఉంటారు. 1803లో పూర్తయిన ఆ బంగళాకు నమూనా ఈ ఇల్లే. కెడిల్‌స్టన్‌లో నడిమి భవనానికి నాలుగు రెక్కలు, అంటే పక్క భవనాలు, వేద్దామనుకుని రెండే కట్టారు. కలకత్తాలో మాత్రం నాలుగూ కట్టేశారు, కంపెనీ డబ్బుతో. ఆ డబ్బు మన శిస్తుల నుంచి వచ్చినదే.

మీరు తప్పక చూడాల్సింది నెమలి గౌను. 1903 ఢిల్లీ దర్బారు సంబరాల్లో కర్జన్ భార్య మేరీ వేసుకున్నది. గుడ్డంతా జరీతో నెమలి కన్నులు, ప్రతి కన్ను నడుమ ఆకుపచ్చగా మెరిసే పెంకు పురుగు రెక్క. గౌనుగా కుట్టింది పారిస్‌లో. ఆ జరీ పనంతా మాత్రం మన దేశపు చేతులదే. నేను మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. పట్టుచీర అంచులో ఒక్క కుంభం తీర్చడానికి మా నాన్న ఎంత కళ్లు చించుకునేవారో చూశాను. ఆ గౌను ఉంచిన అద్దాల పెట్టె ముందు నుంచి ఎంతసేపటికీ కదల్లేకపోయాను. ఇంకొకరి ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆ పనితనం మనది కాకుండా పోదని మీ వారికి చెప్పండి. కర్జన్ మన దేశం నుంచి తీసుకెళ్లిన వస్తువులు కింది అంతస్తులోనే ఉన్నాయి. మోకాళ్లకు టెన్షన్ వద్దు.

తోట అంటే పూల మడులు ఊహించుకోకండి. విశాలమైన పచ్చిక, చెరువు, రాతి వంతెన, మేసే గొర్రెలు. ఒకప్పుడు అక్కడ ఊరు ఉండేది. చూపుకు అడ్డమని ఊరినే అవతలికి జరిపించారు, పాత చర్చి ఒక్కటే ఇంటి పక్కన మిగిలింది. మాచ్‌ఖండ్ డ్యాం కింద ఊళ్లు వదులుకున్నవాళ్లే గుర్తొచ్చారు నాకు.

ఇంటి లోపలి గదులు అన్ని రోజులూ తెరవరు, అమ్మాయిని ముందే కనుక్కోమనండి. ఇద్దరూ స్వెటర్లు పెట్టుకోండి. మే నెలైనా ఆ చెరువు గట్టున గాలి చల్లగానే ఉంటుంది.