షుగర్ బాగానే ఉంది సరే, కీటోన్లు చూశారా?

మన దేశం నుంచి ఇక్కడికి, విదేశానికి, కొత్తగా వచ్చిన షుగర్ ఉన్నవాళ్లు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్న సందేహం ఇది: "ఇక్కడి డాక్టరు కీటోన్లు చూసుకునే మీటరు కూడా కొనుక్కోమంటున్నారు. షుగర్ మీటరు ఉండగా మళ్లీ ఇదెందుకండీ?" నేనూ మొదట్లో అలాగే అనుకుని కొనలేదు. ఒక్క రాత్రి వాంతులతో తెలిసొచ్చింది. కీటోన్లంటే ఒళ్లు కొవ్వుని కరిగించుకున్నప్పుడు రక్తంలో చేరే పదార్థాలు.

ముందు మీరు వెంట తెచ్చుకున్న మాత్రల అట్ట తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉండే బ్రాండ్ పేరు కాదు, కింద చిన్నగా రాసి ఉండే అసలు మందు పేరు చదవండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్... ఇలా చివర గ్లిఫ్లోజిన్ అని ఉంటే ఈ మాటలన్నీ మీకే. చాలాసార్లు దీన్ని మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా ఇస్తారు, అందుకే మనకు తెలియకుండానే వాడేస్తుంటాం. పైగా మన బ్రాండ్ పేరు చెబితే ఇక్కడ ఎవరికీ తెలియదు. అసలు పేరు, డోసు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

ఈ మందు చేసే పని రక్తంలో ఎక్కువైన షుగర్‌ని మూత్రంలోకి పంపేయడం. అందువల్ల మీటరులో అంకె అందంగా కనిపిస్తుంది. కానీ జ్వరమో వాంతులో వచ్చి తిండి మానేసినప్పుడు, ఇన్సులిన్ చాలనప్పుడు, ఒళ్లు కొవ్వుని కరిగించుకుని కీటోన్లు తయారుచేస్తుంది. అవి మితిమీరితే రక్తం ఆమ్లంగా మారుతుంది. దాన్నే కీటోఅసిడోసిస్ అంటారు. మామూలుగా ఇది షుగర్ బాగా పెరిగిపోయినప్పుడు వచ్చేది. ఈ మందులు వాడేవాళ్లకి షుగర్ 200 లోపు ఉన్నా రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే హెచ్చరించింది. అరుదే. కానీ వచ్చినప్పుడు షుగర్ మీటరు నమ్మించి మోసం చేస్తుంది.

నాకు జరిగింది అదే. కడుపు చెడి రాత్రంతా వాంతులు. పొద్దున షుగర్ 160. బాగానే ఉంది కదా అని రోజూ వేసుకునే మాత్ర కూడా వేసేసుకున్నాను! మధ్యాహ్నానికి మెట్లెక్కినవాడిలా ఆయాసం, కడుపులో నొప్పి. ఆసుపత్రిలో వేలి నుంచి చుక్క తీసి చూస్తే కీటోన్లు 4.1. రెండు రాత్రులు సెలైన్, ఇన్సులిన్ ఎక్కించారు. ఆ మాత్ర మళ్లీ రాయలేదు.

అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. రక్తంలో కీటోన్లని లీటరుకి ఇన్ని మిల్లీమోల్‌లని కొలుస్తారు. అవి 0.6 లోపు ఉంటే కంగారు లేదు. 0.6 నుంచి 1.5 మధ్య ఉంటే నీళ్లు బాగా తాగుతూ రెండు గంటల్లో మళ్లీ చూసుకోండి. 1.5 దాటితే డాక్టరుకి ఫోన్ చేయండి. 3 లేదా అంతకు మించితే ఫోన్లతో కాలక్షేపం వద్దు, నేరుగా ఎమర్జెన్సీకే. వాంతులు ఆగకపోయినా, ఊపిరి వేగంగా ఆడుతున్నా, మత్తుగా ఉన్నా అంకె ఎంతున్నా వెళ్లాల్సిందే.

ఇక్కడ ఇంకో తికమక ఉంది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో షుగర్‌ని కూడా మిల్లీమోల్‌లలోనే చెబుతారు. అక్కడి 10 అంటే మనకు అలవాటైన మిల్లీగ్రాముల లెక్కలో 180. షుగర్ 6 అంటే హాయి, కీటోన్ 6 అంటే ప్రాణం మీదికి. రెండూ చూసే మీటరైనా స్ట్రిప్పులు మాత్రం వేరువేరు, ఏది పెట్టారో చూసుకోండి.

మూత్రంలో ముంచే స్ట్రిప్పులు ఏమీ లేనిదానికంటే నయమే గానీ, వాటి మీద నాకు పెద్దగా గురి లేదు. రక్తంలో ఎక్కువగా పేరుకునే కీటోన్‌ని అవి పట్టలేవు. చూపించేది కూడా కొన్ని గంటల కిందటి సంగతి.

రోజూ గుచ్చుకోనక్కర్లేదు. ఒంట్లో బాగోలేనప్పుడు చూడండి. అలాంటి రోజుల్లో గ్లిఫ్లోజిన్ ఆపమని చాలామంది డాక్టర్లు చెబుతారు. మీ డాక్టరు మాట ముందే అడిగి రాసిపెట్టుకోండి. ఇన్సులిన్ వాడుతుంటే మాత్రం తినలేదు కదా అని మీ అంతట మీరు మానకండి. ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర కనీసం 3 రోజుల ముందు ఆపాలి, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే 4. ఈ మాత్ర వేసుకుంటూ కీటో డైట్, రోజుల తరబడి ఉపవాసం మొదలుపెట్టేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. డాక్టరుని అడగకుండా ఆ పని చేయొద్దు.

ఎమర్జెన్సీలో షుగర్ చూసి "నార్మలే" అని పక్కన కూర్చోబెట్టే వీలుంది. అందుకే వెళ్లగానే "ఐ టేక్ ఎ గ్లిఫ్లోజిన్, ప్లీజ్ చెక్ మై బ్లడ్ కీటోన్స్" అనండి. ఒంటరిగా ఉంటున్నారా? ఆ వాక్యం రాసిన కాగితం, మీటరు ఎక్కడున్నాయో పక్క గదిలో ఉండేవాళ్లకి చెప్పి ఉంచండి. మీకు మాట తడబడే వేళకి ఆ మాట వాళ్లే చెప్పాల్సి రావచ్చు.