మీ ప్రశ్నలు – మా జవాబులు: ఊడిరాని పాత ఫ్రీవీల్

ప్రశ్న: మా నాన్నగారు ఉపాధ్యాయులు. పర్లాకిమిడి నుంచి సరిహద్దు దాటి పాతపట్నం బడికి రోజూ వెళ్లివచ్చిన ఆయన 28 అంగుళాల సైకిలు చాలా ఏళ్లుగా మా ఇంట్లో మూలన పడి ఉంది. దాన్ని మళ్లీ నడపాలని బయటికి తీశాను. తొక్కితే ఒక్కోసారి చైను తిరుగుతుంది గాని చక్రం కదలదు. వెనుక చక్రం మీద చైను తగిలే పళ్ల చక్రం, అదే ఫ్రీవీల్, దాని పళ్లు కూడా అరిగి ఒక పక్కకు వంగిపోయాయి. షాపులో దాన్ని విప్పడానికి ఉండే గాటులో ఉలి పెట్టి కొడితే గాటు అంచు విరిగిందే తప్ప ఫ్రీవీల్ కదలలేదు. ఇప్పుడు పుల్లలు కోసేసి, చక్రం నడుమ పుల్లలు తగిలించే హబ్బుతో సహా మార్చుకోమంటున్నారు. హబ్బు ఉక్కుదే, నూనె పోసే రంధ్రం మీది స్ప్రింగు మూత కూడా చెక్కుచెదరలేదు. దాన్ని దక్కించుకునే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: మార్గం ఉంది. అయితే ఎవరు చెప్పినా పుల్లలు మాత్రం కోయనివ్వకండి. ఫ్రీవీల్‌ను ఊడదీయడానికి మన దగ్గరున్న అతి పెద్ద పనిముట్టు ఆ చక్రమే. 28 అంగుళాల రిమ్ము వ్యాసార్ధం 30 సెంటీమీటర్లకు పైమాటే కనుక, రెండు చేతులతో ఎదురెదురు అంచులు పట్టుకుని తిప్పినప్పుడు వచ్చే బలం మామూలు పానాతో రాదు. పుల్లలు కోసిన మరుక్షణం ఆ బలం పోయి, చేతిలో పిడికెడు హబ్బు, దానికి అతుక్కుపోయిన ఫ్రీవీల్ మిగులుతాయి. పైగా ఇలాంటి పాత బళ్లకు సాధారణంగా వెనుక 40, ముందు 32 పుల్లలుంటాయి. 36 రంధ్రాల హబ్బు తెచ్చి వేస్తామంటే రిమ్ము కూడా మార్చక తప్పదు.

ఫ్రీవీల్ హబ్బు మీదికి మరతో ఎక్కుతుంది. అది కుడివైపు బిగిసే మర కావడంతో, తొక్కిన ప్రతిసారీ ఇంకాస్త బిగుస్తూ పోతుంది. ఆరున్నర అంగుళాల క్రాంకు, 44 పళ్ల చైను చక్రం ఉన్న బండి మీద 60 కిలోల మనిషి లేచి నిలబడి తొక్కితే చైను మీద పడే లాగుడు 100 కిలోలు దాటుతుంది. ఏళ్ల తరబడి అలా బిగిసిన మరకు తుప్పు కూడా తోడైతే ఉలి దెబ్బకు గాటు అంచులు ముందు విరగడంలో ఆశ్చర్యం లేదు. పళ్లను పట్టుకుని వెనక్కి తిప్పినా లాభం ఉండదు. పై చక్రం ఊరికే తిరుగుతుంది. పట్టు దొరకవలసింది లోపలి భాగానికి. గాట్లు ఉన్నదీ దానికే.

పళ్లు వంగకుండా ఉంటే, విప్పే ఆలోచన మాని ముందు కిరసనాయిలు పోసి కడగమని చెప్పేవాడిని. చైను తిరిగి చక్రం కదలకపోవడానికి తరచు కారణం, లోపల స్ప్రింగుతో లేవవలసిన చిన్న నాలుకలు ఎండిన గ్రీజులో ఇరుక్కుపోవడమే. మీ విషయంలో పళ్లే పోయాయి కాబట్టి ఫ్రీవీల్ ఎలాగూ మార్చాలి, దానితో పాటు చైను కూడా మార్చండి. అరిగిన చైను కొత్త పళ్లను త్వరగా తినేస్తుంది.

టైరు, ట్యూబు తీసేసి చక్రాన్ని ఫ్రీవీల్ పైకి వచ్చేలా పడుకోబెట్టండి. హబ్బు కొసకూ ఫ్రీవీల్ లోపలి భాగానికీ మధ్య సన్నని గీతలా కనిపించేదే మర మొదలయ్యే చోటు. అక్కడ తుప్పు వదిలించే పల్చటి నూనె చుక్కలు చుక్కలుగా వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు చక్రాన్ని తిరగేసి, పుల్లల వైపు నుంచి ఫ్రీవీల్ వెనుక అంచున అలాగే వేయండి. వంటనూనె వాడవద్దు, అది ఆరి జిగటగా పట్టేస్తుంది. నూనె వేసిన చోట మంట పెట్టి వేడి చేసే పని అసలే వద్దు.

తరువాత ఫ్రీవీల్ గాట్లకు సరిపోయే రిమూవర్ సంపాదించండి. కొన్ని ఫ్రీవీల్‌లకు రెండు గాట్లు, కొన్నింటికి నాలుగు ఉంటాయి. మీది నాలుగు గాట్లదై, ఎదురెదురుగా రెండయినా బాగుంటే ఆశ ఉన్నట్టే. రిమూవర్ పళ్లను గాట్లలో కూర్చోబెట్టి, అది జారకుండా పై నుంచి ఇరుసు నట్టు చేత్తో బిగించి, పానాతో కొంచెం మాత్రం అదమండి. ఈ నట్టు వేయకుండా తిప్పడం వల్లనే ఎక్కువ గాట్లు విరుగుతాయి. ఇప్పుడు రిమూవర్‌ను బల్లకు బిగించిన వైస్‌లో గట్టిగా పట్టించండి. ఫ్రీవీల్ కిందికి, చక్రం మీ ఎదుట అడ్డంగా ఉంటుంది. రిమ్మును రెండు చేతులా పట్టుకుని, పై నుంచి చూస్తే అపసవ్య దిశలో, కుదుపు లేకుండా బలం పెంచుతూ తిప్పండి. టక్కుమని వదిలిన వెంటనే ఆగి నట్టు వదులు చేయండి. లేకపోతే పైకి వచ్చే ఫ్రీవీల్ నట్టును నొక్కి ఇరుసు మరను చెడగొడుతుంది.

గాట్లు పూర్తిగా పోయినా హబ్బు దక్కుతుంది, ఫ్రీవీల్ మాత్రం దక్కదు. ఎలాగూ పారవేసేదే కనుక దాని మీద జాలి పడనక్కరలేదు. ఫ్రీవీల్ ముఖాన రెండు చిన్న గుంటలున్న పలుచని మూత కనిపిస్తుంది. దానిది ఎడమ మర, కాబట్టి కుడివైపుకు, అంటే సవ్య దిశలో తిరిగితే ఊడుతుంది. ఇక్కడే చాలామంది అలవాటు కొద్దీ ఎడమకు కొట్టి ఇంకా బిగిస్తారు. మొద్దు పంచ్‌ను గుంటలో ఏటవాలుగా ఆనించి చిన్న సుత్తితో తట్టండి. మూత వచ్చేముందు కింద గుడ్డ పరవండి. అంగుళంలో ఎనిమిదో వంతు ఉండే బాల్సు గుప్పెడు రాలుతాయి. పళ్ల చక్రం పైకి లేచి వస్తే, నాలుకలు కూర్చునే లోపలి ముక్క హబ్బు మీద మిగులుతుంది. దాన్నే వైస్ దవడల మధ్య బలంగా బిగించి చక్రాన్ని ఇందాకటిలాగే తిప్పాలి. అప్పటికీ కదలకపోతే గ్రైండరుతో ఆ ముక్కను మర దగ్గర వరకూ, మరను తాకకుండా కోసి, ఆ గాటులో ఉలితో కొట్టి పగలగొట్టవచ్చు. ఉలికి చోటు అక్కడే. ఈ పని మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని, చేయి తిరిగిన ఫిట్టరు చేత చేయించండి.

కొత్త ఫ్రీవీల్ దొరకడం కష్టం కాదు. ఇంగ్లిషు కొలత ప్రకారం ఈ మర వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. మన దేశపు మామూలు సైకిళ్లదీ అదే కొలత. హబ్బు మరను కిరసనాయిలుతో, బ్రష్షుతో శుభ్రం చేసి గ్రీజు పూయండి. ఫ్రీవీల్‌ను మొదట చేత్తో వెనక్కి తిప్పి, మర అందుకున్నట్టు తెలిశాక ముందుకు తిప్పండి. రెండు మూడు చుట్లు వేళ్లతోనే తేలికగా ఎక్కాలి. ఎక్కకపోతే పానా జోలికి పోకుండా విప్పి మళ్లీ మొదలుపెట్టండి. తొక్కుతుంటే తక్కిన బిగువు అదే వస్తుంది.

ప్రశ్న: సైకిలుకు కొత్త ఫ్రీవీల్ వేయించాను. చక్రం ఆపి పెడలు వెనక్కి తిప్పితే ఫ్రీవీల్ కొద్దిగా ఊగుతోంది. మర తప్పి ఎక్కిందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: కొద్దిపాటి ఊపు చాలా ఫ్రీవీల్‌లలో కొత్తగా ఉన్నప్పుడే ఉంటుంది. లోపల బాల్సు తిరిగే దారి మరకు కచ్చితంగా సమంగా లేకపోవడం దానికి కారణం; చైను జారనంత వరకు నష్టం లేదు. మర తప్పి ఎక్కితే లక్షణం వేరు: ఫ్రీవీల్ వెనుక అంచు హబ్బుకు ఒక పక్క ఆని, మరో పక్క వెలుతురు కనిపించేలా ఏటవాలుగా నిలిచిపోతుంది. అలా ఉంటే ఒక్క మైలు కూడా తొక్కకుండా విప్పించండి. తొక్కిన కొద్దీ హబ్బు మర తెగుతుంది.