కుంగిన స్ప్రింగుల కోసం అప్పు చేయాలా?

మీ నాన్నగారి నుంచి వచ్చిన పాత కారు వెనక వైపు కుంగిపోయిందని, నాలుగు స్ప్రింగులూ, ఊగుడు ఆపే షాక్ అబ్జార్బర్లూ, కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లూ అన్నీ మార్చేయాలని మెకానిక్ అన్నాడని, అంచనా మీ రెండు నెలల జీతమంత వచ్చిందని రాశారు. పర్సనల్ లోన్ తీసుకోవాలా, అత్యవసర నిధిలోంచి తీయాలా అన్నది మీ ప్రశ్న. నన్నడిగితే రెండూ వద్దు. అసలు ఆ అంచనాలో ఎంత అవసరమో ముందు తేల్చుకుందాం.

కారుని చదునైన నేల మీద, టైర్లలో సరిగ్గా గాలి కొట్టించి, డిక్కీ ఖాళీ చేసి నిలబెట్టండి. ఒక్కో చక్రం మధ్య నుంచి దాని పైనున్న ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలిచి, నాలుగు అంకెలూ రాసుకుని, సర్వీస్ మాన్యువల్లో ఎత్తు ఇచ్చి ఉంటే దానితో పోల్చి చూడండి. ముందు రెండూ బాగుండి వెనక రెండే తగ్గాయంటే వెనక జత మారిస్తే సరిపోతుంది, ఖర్చు అక్కడికక్కడే బాగా తగ్గుతుంది. ఒక పక్కే కుంగినా సరే జతగానే మార్చాలి, లేదంటే కారు ఓ పక్కకి ఒరిగి నిలబడుతుంది.

ఇంకో సంగతి, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. గుంతలో పడ్డాక కారు చాలాసేపు ఊగుతోందంటే అనుమానించాల్సింది షాక్ అబ్జార్బర్లని, స్ప్రింగుల్ని కాదు. కదలకుండా నిలబడి ఉన్నప్పుడే కిందకి దిగిపోయి కనిపిస్తే, చిన్న గుంతకే అడుగున ధబ్‌మని తగులుతుంటే, అది స్ప్రింగు. వెనక ఉన్నవి కమాన్ కట్టలైతే, అదే లీఫ్ స్ప్రింగులైతే, పట్టీల్లో పగుళ్లు లేనంతవరకు వాటిని మళ్లీ వంపు తిప్పించుకోవచ్చు. కొత్తవాటంత కాలం రావు కానీ చవక. ఆ కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ-బోల్టులు మాత్రం పాతవి తిరిగి బిగించనివ్వకండి.

అలాగని మరీ పిసినారితనం కూడా పనికిరాదు. స్ప్రింగు విప్పడానికి ఎలాగూ సగం సస్పెన్షన్ ఊడదీస్తారు, లేబర్ అప్పుడే పడుతుంది, కాబట్టి అరిగిన బుష్‌లు అదే దెబ్బలో మార్పించేయండి. రేపు మళ్లీ ఇదంతా విప్పితే అదే లేబర్ రెండోసారి కట్టాలి. పాత కారులో తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టు తలలు తెగిపోవడం మామూలే, అందుకని అంచనా మీద ఇంకో ఇరవై శాతం చేతిలో ఉంచుకోండి.

ఇక డబ్బు. అత్యవసర నిధి ఉద్యోగం పోయినప్పుడు, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనప్పుడు వాడుకోవడానికి. మీరు వారానికోసారి బయటకి తీసే కారు ఆ లెక్కలోకి రాదు. అప్పంటారా, దాని వడ్డీ కూడా స్ప్రింగు ధరలో కలిసినట్టే, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయినా అంతే. కారు పేరుతో విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, సవరించిన అంచనాని ఎనిమిది పది నెలలకి పంచి, జీతం పడ్డ రోజే అందులోకి వెళ్లేలా పెట్టుకోండి. ఈ కారు మీ ఆఫీసు బండి కాదు కాబట్టి ఆగడానికి మీకు టైముంది. కాకపోతే స్ప్రింగు విరిగినా, పగులు కనబడినా, తుప్పు బాగా తినేసినా డబ్బు సమకూరేదాకా కారు షెడ్డులోనే ఉండాలి, విరిగిన కొస టైరుకి గుచ్చుకునే ప్రమాదం ఉంది.

లేబర్ మిగులుతుందని కాయిల్ స్ప్రింగులు, అంటే చుట్టలా ఉండేవి, మీరే విప్పబోవద్దు. నొక్కి పట్టిన స్ప్రింగు జారిందంటే ప్రాణాల మీదకొస్తుంది. మెకానిక్ దగ్గర స్పేర్లు వేరుగా, లేబర్ వేరుగా కాగితం మీద రాయించుకోండి, ఇంకో ఇద్దరి దగ్గర కూడా అడగండి. కొత్త స్ప్రింగులు కొన్నాళ్లు తిరిగి కుదురుకున్నాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, ఆ ఖర్చు సాధారణంగా అంచనాలో రాయరు, మీరే పక్కన పెట్టుకోండి.