కన్వర్టర్ పీకేస్తే మైలేజీ పెరుగుతుందా?

ప్రశ్న: మాది పదేళ్ల నాటి పెట్రోలు కారు. ఈమధ్య పికప్ బాగా తగ్గింది, కిందనుంచి గలగలమని చప్పుడు, ఇంజిన్ లైటు ఆరడం లేదు. కెటలిటిక్ కన్వర్టర్ పోయిందట, అది పీకేసి మామూలు పైపు వేస్తే మైలేజీ కూడా పెరుగుతుందంటున్నాడు మెకానిక్. నిజమేనా? అసలు అది చేసే పనేంటి?

జవాబు: పీకించకండి. బాగున్న కన్వర్టర్ పొగకి అడ్డుపడేది చాలా తక్కువ, కాబట్టి తీసేస్తే చెప్పుకోదగ్గ మైలేజీ ఏమీ రాదు, పైగా చాలా దేశాల్లో అది నేరం.

కన్వర్టర్ అంటే ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టంలో బిగించిన డబ్బా, ఆ పొగలోని విషాల్ని తగ్గించడమే దాని పని. దాన్ని కోసి చూస్తే లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. దాని సన్నటి గదుల గోడలకి ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత, అన్నీ కలిపినా కొన్ని గ్రాములే. పొగ ఆ గోడల్ని రాసుకుంటూ పోతుంటే కార్బన్ మోనాక్సైడు, ఇంజిన్‌లో మండకుండా మిగిలిన పెట్రోలు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి అయిపోతాయి, నైట్రోజన్ ఆక్సైడ్లేమో విడిపోయి మామూలు నైట్రోజన్‌గా బయటికొస్తాయి. ఇంత పని చేయించీ ఆ లోహాలు మాత్రం ఖర్చు కావు. కాకపోతే సుమారు 250-300 డిగ్రీలకి వేడెక్కేదాకా అది నిద్రలోనే ఉంటుంది, అందుకే స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల పొగే చెడ్డది. కన్వర్టర్ ఉంది కదా అని మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్‌లో ఉంచారంటే ప్రాణాలకే ముప్పు.

ఇక మీ కారు సంగతి. కన్వర్టర్ తనంతట తాను పోవడం తక్కువ, సాధారణంగా ఇంజినే దాన్ని చంపుతుంది. పెట్రోలుని నిప్పురవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గు గానీ, దానికి కరెంటు పంపే కాయిల్ గానీ సరిగా పనిచేయకపోతే మండని పెట్రోలు నేరుగా కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, ఆ వేడికి దిమ్మ కరిగి దారి మూసుకుపోతుంది, పొగ బయటికి పోలేక పికప్ పడిపోతుంది. గలగలలాడేది బహుశా విరిగిన దిమ్మ ముక్కలే. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా ఇదే గతి, ఆయిల్లోని ఫాస్ఫరస్ పూతని కప్పేస్తుంది. పెట్రోల్లోని సీసం దీనికి ఇంకా పెద్ద శత్రువు. అమెరికాలో 1975 మోడల్ కార్లకి కన్వర్టర్లు వస్తున్నాయనే 1974లో బంకుల్లో సీసం లేని పెట్రోలు పెట్టించారు.

కాబట్టి ముందు స్కానర్ పెట్టించి ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందో చెప్పే లోపం కోడ్ ఏమిటో చూడండి, ప్లగ్గులు, కాయిళ్లు, ఆయిల్ మట్టం చెక్ చేయించండి. కారు చల్లారాక కన్వర్టర్ని రబ్బరు సుత్తితో మెల్లగా తట్టమనండి, లోపల గలగలమంటే మార్చాల్సిందే. ఇంజిన్ లోపం సరిచేయకుండా కొత్తది బిగిస్తే అదీ కొన్నాళ్లకే పోతుంది. అన్నట్టు, పాతది అక్కడే వదిలేసి రాకండి, అందులో లోహాల కోసం తుక్కు వాళ్లు మంచి ధరే ఇస్తారు. మీ మెకానిక్ అంత ఉత్సాహంగా పీకేద్దాం అంటున్నది దానికోసమేనేమో కూడా!